‘ఆయుధవిశేషము’ దగ్గర ఆగిన అర్థం: కత్తులు, కటారులపై ఆకరగ్రంథాల పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు కావ్యాల్లో, శాసనాల్లో, వీరగాథల్లో కత్తి పేర్లకు కొదవ లేదు. ఆ పేర్ల వెనుక ఉన్న వస్తువుల ఆకారం, కొలత, కాలం తెలుసుకోవాలనుకునే పాఠకుడికి మాత్రం ఆధారాలు చెల్లాచెదరుగా దొరుకుతాయి. ప్రాచీన రోమన్ కత్తులు, బాకులపై వచ్చిన ఆకరగ్రంథాల పద్ధతిని పోలికగా తీసుకుని, తెలుగు పాఠకుడికి అందుబాటులో ఉన్న నిఘంటువులు, లక్షణగ్రంథాలు, ఆంగ్ల ఆయుధకోశాలు ఏ మేరకు ఉపయోగపడతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘కటారి’ అనే పదాన్ని ప్రధాన ఉదాహరణగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: కత్తి, అడిదము, కటారి, నిఘంటువు, ఆకరగ్రంథం, వీరగల్లు, కర్నూలు.

ప్రవేశిక

కావ్యపాఠంలో ‘అడిదము’ అనే మాట వస్తే అర్థం చెప్పడం తేలిక. ఖడ్గమని చెప్పి ముందుకు సాగిపోవచ్చు. ‘వాలు’ వచ్చినా ఖడ్గమే. ‘కరవాలము’ వచ్చినా ఖడ్గమే. ఆ ఖడ్గం ఎంత పొడవుండేది, వాదర ఒకవైపే ఉండేదా రెండువైపులా ఉండేదా, పొడవడానికి చేసినదా నరకడానికి చేసినదా అని విద్యార్థి అడిగితే అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. అంతగా వాడుకలో లేని పేరైతే నిఘంటువు ఖడ్గమని కూడా చెప్పదు. ‘ఆయుధవిశేషము’ అని ఒక్క మాటతో సరిపెడుతుంది. అది ఆయుధమని పద్యం చదివినవాడికి ముందే తెలుసు. ఏ విశేషమో తెలియకనే నిఘంటువు తెరిచాడు.

కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరులో చదువుకునే విద్యార్థికి ఈ ప్రశ్న మరింత దగ్గరగా తగులుతుంది. నగరం నడిబొడ్డున కొండారెడ్డి బురుజు ఉంది. నగరాన్ని ఆనుకునే జోహరాపురం ఉంది. 1839 అక్టోబరు 18న కంపెనీ సేనకూ కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ పక్షానికీ మధ్య పోరు జరిగిన చోటు అది. కోవెలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసిన చరిత్రను కథాగేయాలూ, 2019లో సినిమా కూడా చెప్పుకున్నాయి. రాయలసీమ అనగానే తెరమీద కత్తి లేస్తుందని ప్రేక్షకులకు అలవాటైపోయింది. ఇంతగా కత్తితో ముడివేసిన ప్రాంతంలో, ఇక్కడివాళ్లు పట్టిన కత్తి ఎలాంటిదని అడిగితే తెలుగులో చూపించదగిన పుస్తకం కోసం వెతుక్కోవలసి రావడం విచిత్రమే. సినిమా చూపించిన కత్తిని కాదనడానికైనా ఒక ఆధారం కావాలి గదా.

రోమన్ కత్తి విషయంలో జరిగిన పని

పోలిక కోసం రోమన్ కత్తులను తీసుకోవడానికి కారణం ఉంది. కృష్ణా తుంగభద్రల నడుమ నేలకు రోమ్ మరీ దూరపు మాట కాదు. నంద్యాల ప్రాంతంలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. అయితే ఇక్కడ వాటికంటే ముఖ్యమైనది, రోమన్ ఆయుధాలపై ఆకరగ్రంథాలు తయారైన తీరు.

రోమన్ సాహిత్యం కూడా తెలుగు సాహిత్యంలాగే పర్యాయపదాలతో నిండి ఉంది. వచనంలో ‘గ్లాడియస్’ అనే రచయితలు ఉన్న భాషలోనే కవులు ‘ఎన్సిస్’ అనే మాటను ఇష్టపడ్డారు. కొందరు వట్టి ‘ఇనుము’ అని కూడా కత్తిని సూచించారు. ఈ మాటలను మాత్రమే ముందు పెట్టుకుని ఉంటే రోమన్ కత్తుల పుస్తకం కూడా నామలింగానుశాసనం దగ్గరే ఆగిపోయేది. పరిశోధకులు మాటను పక్కనపెట్టి వస్తువు దగ్గరికి వెళ్లారు. దొరికిన చోటును బట్టి తరహాలకు పేర్లు పెట్టారు. రైన్ నది ఒడ్డున ఉన్న మైంజ్ పేరుమీద ఒకటి, థేమ్స్ నదిలో దొరికిన కత్తిని బట్టి ఫుల్హమ్ పేరుమీద ఒకటి, అగ్నిపర్వతం కప్పేసిన పాంపేయి నగరం పేరుమీద ఒకటి స్థిరపడ్డాయి. మైంజ్ తరహా కత్తికి పొడవుగా సన్నబడే మొన ఉంటుంది. పాంపేయి తరహాకు సమాంతరమైన అంచులూ పొట్టి మొనా ఉంటాయి. ‘స్పాథా’ అంటే పొడవు కత్తి. ‘పుగియో’ నడుము దగ్గర సన్నబడి, నడిమి ఈనె కలిగిన ఆకులాంటి అలుగు ఉన్న బాకు. ఇంత స్పష్టంగా చెప్పగలగడానికి సాహిత్యం ఒక్కటే కారణం కాదు. కొలిచిన అలుగులు, గీసిన బొమ్మలు, సైనికుల సమాధిరాళ్ల మీది శిల్పాలు కలిసి ఆ స్పష్టతను తెచ్చాయి.

ఎం.సి. బిషప్, జె.సి.ఎన్. కూల్‌స్టన్ కలిసి రాసిన ‘రోమన్ మిలిటరీ ఎక్విప్‌మెంట్’ (1993, పరిష్కృత ముద్రణ 2006) ఈ రంగంలో మొదట చేతిలోకి తీసుకోదగిన పుస్తకం. ఆయుధాలను కాలక్రమంలో చెబుతూ, ఆధారాల బలాబలాలను కూడా చర్చిస్తుంది. కత్తులకే పరిమితమై లోతుగా వెళ్లాలంటే జర్మన్ భాషలో క్రిస్టియన్ మిక్స్ 2007లో వెలువరించిన బృహద్గ్రంథం ఉంది. రోమన్ సామ్రాజ్యకాలపు కత్తులను వరసగా నమోదు చేసిన జాబితా అందులో ఉంది. సైమన్ జేమ్స్ ‘రోమ్ అండ్ ది స్వోర్డ్’ (2011) దారి వేరు. కత్తి పట్టినవాడి చుట్టూ ఉన్న సమాజాన్ని చూపిస్తుంది. ఒకటి కాలక్రమానికి, ఒకటి వస్తువుల జాబితాకు, ఒకటి చరిత్రకు. మూడూ మూడు రకాల పాఠకుల కోసం. తెలుగులో ఈ మూడు పనులనూ ఒక్క నిఘంటువు మీదే మోపుతున్నాం. అది మోయలేకపోవడంలో వింత లేదు.

పర్యాయపదాల రాశి

అమరకోశం క్షత్రియవర్గంలో ఖడ్గానికి తొమ్మిది పేర్లున్నాయి: ఖడ్గం, నిస్త్రింశం, చంద్రహాసం, అసి, రిష్టి, కౌక్షేయకం, మండలాగ్రం, కరవాలం, కృపాణం. చిన్న కత్తికి శస్త్రి, అసిపుత్రి, ఛురిక, అసిధేనుక అనే నాలుగు పేర్లున్నాయి. తెలుగు పండితులు తరతరాలుగా వల్లెవేసిన వరస ఇది. వల్లెవేయడం వల్ల ఒక నష్టం జరిగింది. తొమ్మిది మాటలూ ఒకే వస్తువుకు తొమ్మిది పేర్లనే భావన స్థిరపడిపోయింది.

ఆ పేర్లనే విడివిడిగా చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. నిస్త్రింశమంటే ముప్పై వేళ్ల కొలతను దాటినదని వ్యాఖ్యాతలు చెబుతారు. అంటే అది కొలతను బట్టి వచ్చిన పేరు. మండలాగ్రమంటే మొన గుండ్రంగా వంగినది. అది ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. కౌక్షేయకం కుక్షి దగ్గర, అంటే నడుము పక్కన వేలాడేది. అది ధరించే తీరును బట్టి వచ్చింది. చంద్రహాసం పురాణంలో రావణుడికి శివుడిచ్చిన కత్తి పేరు. అసిపుత్రి అనే మాటలో చిన్న కత్తి పెద్ద కత్తికి కూతురైంది. కొలత, ఆకారం, ధరించే చోటు, ఐతిహ్యం, చుట్టరికం అన్నీ కలిసిన ఈ జాబితాలో ఒక వర్గీకరణకు కావలసిన బీజాలు ఉన్నాయి. వాటిని ఛందస్సుకు అనుకూలమైన పర్యాయపదాలుగా మార్చేసింది తరువాతి అలవాటే తప్ప అమరసింహుడు కాదు.

దేశ్యపదాల దగ్గర నిఘంటువుల ఉదాసీనత ఇంకా ఎక్కువ. ‘వాలు’ మాటకు తమిళంలో ‘వాళ్’, కన్నడంలో ‘బాళ్’ సోదరపదాలున్నాయి. ‘కత్తి’ అనే మాట మంగలి పొదిలోనూ, వంటింటి కత్తిపీటలోనూ, గీతకార్మికుడి నడుముకూ, దండనాథుడి ఒరలోనూ ఉంటుంది. ఇంగ్లీషు ఈ వస్తువులను వేర్వేరు మాటలతో విడదీస్తుంది. తెలుగు మాత్రం ముందొక విశేషణం చేర్చి ఒకే మాటతో చెబుతుంది. సి.పి. బ్రౌన్ 1852లో నిఘంటువు వెలువరించేటప్పుడు ఇంగ్లీషు పాఠకుడి కోసమైనా ఈ విభజన చేయవలసి వచ్చింది. కడపలో ఉండి పనిచేసిన బ్రౌన్‌కు వాడుక తెలుగు చెవిన పడింది కాబట్టి, పండితనిఘంటువులు పట్టించుకోని మాటలకు ఆయన దగ్గర చోటు దొరికింది. అయినా ఆయన రాసినది భాషకోశమే. బొమ్మ లేదు, కొలత లేదు.

బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరము’ (1885), ఆ తరువాత 1936 నుంచి సంపుటాలుగా వచ్చిన ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ మేలు చేసినది ప్రయోగాలు చూపించడంలో. ఏ కవి ఏ మాట వాడాడో తెలిస్తే ఆ మాటకు కాలం దొరుకుతుంది. ఈ ఒక్క ఉపకారానికి ఆ నిఘంటుకారులకు ఎంతైనా రుణపడి ఉండాలి. వాటి లోపం అర్థవివరణలో ఉంది. విష్ణువు కత్తి పేరు నందకమని తెలుస్తుంది. కడప సీమలోని తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యులు ఆ నందకాంశతో జన్మించాడని సంప్రదాయం చెబుతుంది. ఎవరి కత్తో తెలిసింది. ఎలాంటి కత్తో తెలియలేదు.

ఈ అసంతృప్తి కొత్తది కాదు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) రాస్తున్నప్పుడు ఆటల పేర్ల దగ్గర ఇదే గోడ ఎదురైంది. ‘క్రీడావిశేషము’ అని రాసి ఊరుకున్న నిఘంటుకారులపై ఆయన చికాకు దాచుకోలేదు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఆ గ్రంథాన్ని కత్తుల కోసం తెరిచినవారికి ‘హంసవింశతి’, ‘శుకసప్తతి’ వంటి కావ్యాలను సాంఘికచరిత్రకు ఆధారాలుగా ఎలా చదవాలో తెలుస్తుంది. వస్తువుల పట్టికలు ఏకరువు పెట్టే ప్రబంధాలను దోషంగా కాక నిధిగా చూసిన దృష్టి అది. అయితే సురవరం చేతిలోనూ ఉన్నది మాటలే. పక్కన మ్యూజియం లేదు.

లక్షణగ్రంథాలతో జాగ్రత్త

కత్తి లక్షణాలను చెప్పే శాస్త్రగ్రంథాలు మనకు లేకపోలేదు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో ఖడ్గలక్షణాధ్యాయం ఉంది. ఉత్తమమైన కత్తి 50 అంగుళుల పొడవు, కనిష్ఠం 25 అంగుళులు అంటుంది. ఇక్కడ అంగుళి అంటే వేలి వెడల్పు. దాన్ని దాదాపు 1.9 సెంటీమీటర్లుగా తీసుకుంటే ఉత్తమం 95, కనిష్ఠం 47 సెంటీమీటర్లకు కొంచెం అటూ ఇటూ అవుతాయి. ఆ లెక్కన నిస్త్రింశం 57 సెంటీమీటర్లను దాటాలి. రోమన్ గ్లాడియస్ అలుగు సాధారణంగా అర మీటరు దరిదాపుల్లో ఉంటుంది. ఈ పోలిక ఆకర్షణీయంగానే ఉంది కాని, శాస్త్రం చెప్పిన కొలతలో పిడి కలిసిందా లేదా అన్నది తేలకుండా దాన్ని ముందుకు తీసుకుపోకూడదు. పైగా ఆ అధ్యాయం శ్రద్ధంతా అలుగు మీద ఏ అంగుళి దగ్గర మచ్చ ఉంటే శుభం, ఎక్కడ ఉంటే అశుభం అనే శకునాల మీద ఉంది. నవనప్ప పేర ఉన్న ‘ఖడ్గలక్షణ శిరోమణి’ వంటి గ్రంథాలను కూడా ఈ సంప్రదాయం తెలిసే చదవాలి. రాజుకు ఏ కత్తి మంచిదో చెప్పే శాస్త్రం వేరు, రాజు చేతిలో ఏ కత్తి ఉందో చెప్పే చరిత్ర వేరు.

ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చే ప్రమాదానికి గుస్తావ్ ఆపెర్ట్ గ్రంథం మంచి ఉదాహరణ. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యుడైన ఆపెర్ట్ 1880లో ప్రాచీన హిందువుల ఆయుధాలు, సేనావ్యవస్థపై పుస్తకం ప్రచురించాడు. నీతిప్రకాశిక, శుక్రనీతి ఆయనకు ముఖ్య ఆధారాలు. శుక్రనీతిలోని వాక్యాలను నమ్మి తుపాకీమందు ప్రాచీన భారతంలో ఉండేదని వాదించాడు. ఆ శుక్రనీతి 19వ శతాబ్దపు రచన అని లల్లన్‌జీ గోపాల్ 1962లో వాదించాక ఆ పునాది కదిలిపోయింది. ఆయుధాల పేర్లను వివరంగా ఏర్చి కూర్చినందుకు ఆపెర్ట్ పుస్తకాన్ని ఇప్పటికీ చూడవచ్చు. కాలనిర్ణయం కోసం మాత్రం దాన్ని ఆశ్రయించకూడదు. తెలుగు వ్యాసాల్లో ఈ రెండో పనికే దాన్ని వాడుకుంటూ ఉండటం బాధ కలిగిస్తుంది.

ఆంగ్ల ఆకరాలు, కటారి చిక్కు

వస్తువును కళ్లముందు పెట్టుకుని రాసిన పుస్తకాల్లో ముందు చెప్పవలసినది విల్‌బ్రహమ్ ఎగర్టన్‌ది. లండన్‌లోని ఇండియా మ్యూజియంలో ప్రదర్శించిన ఆయుధాల జాబితాగా 1880లో వెలువడింది. 1896లో పెంచి మళ్లీ ముద్రించారు. తరువాత జార్జ్ కామెరాన్ స్టోన్ ప్రపంచ ఆయుధాలన్నిటినీ అకారాదిక్రమంలో పెట్టిన కోశం 1934లో వచ్చింది. ఫిలిప్ రాసన్ ‘ది ఇండియన్ స్వోర్డ్’ 1968లో లండన్‌లో వెలువడింది. జి.ఎన్. పంత్ ‘ఇండియన్ ఆర్మ్స్ అండ్ ఆర్మర్’ మూడు సంపుటాలను ప్రకటించాడు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని కత్తుల జాబితాను 1989లో అందించినవాడూ ఆయనే. రాబర్ట్ ఎల్‌గుడ్ ‘హిందూ ఆర్మ్స్ అండ్ రిచువల్’ 2004లో వచ్చింది. 1400 నుంచి 1865 వరకు ఉన్న ఆయుధాలు దాని పరిధి.

ఈ వరసలో ఒక మాట ఎలా దారి తప్పిందో చూస్తే ఆకరగ్రంథాన్ని ఎందుకు ప్రశ్నిస్తూ చదవాలో అర్థమవుతుంది. ఇవాళ ప్రపంచమంతటా ‘కటార్’ అంటే పిడికిలి ముందుకు అలుగు ఉండే ఆయుధం. దాని పిడికి రెండు నిలువు కమ్ములుంటాయి. వాటిని కలిపే అడ్డకమ్మును పిడికిట పట్టుకుని గుద్దినట్టుగా పొడుస్తారు. అయితే అక్బరు కాలపు ‘ఐన్-ఇ-అక్బరీ’ చిత్రాల్లో ఈ ఆకారం పక్కన ఉన్న పేరు ‘జమ్‌ధర్’ అనీ, కటారా అనేది మరొక రకం బాకనీ, ఎగర్టన్ రెండు పేర్లనూ తారుమారు చేశాడనీ పంత్ వాదన. స్టోన్ కోశం ఆ పేరునే స్థిరపరిచింది. సేకరణకర్తలు, వేలంపాటలవాళ్లు అదే వాడారు. ఇప్పుడు వెనక్కి తిప్పడం ఎవరి తరమూ కాదు.

ఈ వివాదం తెలుగువారి కళ్లతో చూస్తే వేరుగా కనిపిస్తుంది. తెలుగు కావ్యభాషలో ‘కటారి’ ఉంది, ‘జమదాడి’ కూడా ఉంది. ఈ రెండో మాటను యముడి కోరకు ముడిపెడతారు. 15వ శతాబ్దంలో విజయనగర సింహాసనమెక్కిన సాళువ నరసింహుడి వంశానికి ‘కఠారి సాళువ’ అనే బిరుదు ఉంది. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడి ‘జైమినిభారతం’ అంకితం పొందినది ఈ నరసింహుడే. ఆ గ్రంథంలో చంద్రహాసుడి కథ ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు కాని, కత్తి పేరున్న నాయకుడి కథను బాకు బిరుదున్న రాజు విన్నాడని తలచుకుంటే సరదాగా ఉంటుంది. అసలు విషయానికి వస్తే, అక్బరు కాలపు చిత్రం కంటే ఈ బిరుదు వంద సంవత్సరాలు పాతది, పైగా దక్షిణాదిది. కాబట్టి ఉత్తరాది చిత్రాన్ని సాక్ష్యంగా పెట్టి తెలుగు ‘కటారి’ అర్థాన్ని తేల్చడం న్యాయం కాదు. దక్షిణాది కటారులకు చేతిని కాపాడే రేకులాంటి కప్పు ఉండటం తంజావూరు ఆయుధాల్లో కనిపిస్తుంది. ఆ ఆకారమే ‘కఠారి’ అనే బిరుదులో ఉన్నదా అన్నది శాసనప్రయోగాలను, శిల్పాలను పక్కపక్కన పెట్టి తేల్చవలసిన ప్రశ్న. ఆంగ్ల ఆయుధకోశాలు వేయని ప్రశ్న ఇది. వేయవలసింది తెలుగు చదివినవారే.

ఇంకొక మాట. దక్కను ఆయుధాల జాబితాల్లో ‘ఫిరంగి’ అని ఉంటే అది ఐరోపా నుంచి వచ్చిన అలుగుకు ఇక్కడి పిడి వేసిన కత్తి. తెలుగు విద్యార్థికి ఫిరంగి అంటే గుండు పేల్చేది. మరాఠీ, దక్కనీ రచనలను అనువదించేటప్పుడు ఈ తేడా తెలియకపోతే గుర్రపు రౌతు నడుముకు ఫిరంగి వేలాడదీసిన వాక్యం తయారవుతుంది.

ఎల్‌గుడ్ పుస్తకం ప్రస్తుతానికి తెలుగు పరిశోధకుడికి ఎక్కువ ఉపయోగపడేది. దక్షిణాది ఆయుధాలను మొఘల్ ఆయుధాల నీడ నుంచి బయటికి తెచ్చింది. ఆలయశిల్పాలను కాలనిర్ణయానికి వాడుకుంది. ఆయుధాన్ని పూజాద్రవ్యంగా కూడా చూసింది. పల్నాటి కారెంపూడిలో కార్తీకమాసపు వీరుల ఉత్సవాల్లో ‘కొణతాలు’ అనే పేరుతో వీరుల ఆయుధాలకు ఇప్పటికీ పూజ జరుగుతుందని తెలిసిన తెలుగువారికి ఆ చూపు విలువ వెంటనే తెలుస్తుంది. అయినా తెలుగు కావ్యప్రయోగాల వైపు నుంచి చేయవలసిన పని ఆ పుస్తకం తరువాత కూడా మిగిలే ఉంది.

చెదిరిన ఆయుధశాలలు

వస్తువులే లేకపోతే జాబితా ఎలా తయారవుతుందనే ప్రశ్న న్యాయమైనదే. 1839లో కంపెనీ అధికారులు కర్నూలు కోటను సోదా చేసినప్పుడు నవాబు దాచిన ఫిరంగులు, మందుగుండు, ఆయుధాలు పెద్ద ఎత్తున బయటపడ్డాయి. నవాబును తిరుచిరాపల్లికి పంపారు, రాజ్యాన్ని కలుపుకున్నారు. ఆ ఆయుధాలు చరిత్రరచనలో కుట్రకు సాక్ష్యంగానే మిగిలాయి. నరహరి గోపాలకృష్ణమ చెట్టి కర్నూలు జిల్లా మాన్యువల్ 1886లో వచ్చేనాటికి దాదాపు అర్ధశతాబ్దం గడిచిపోయింది.

తంజావూరు కథ ఇంకా స్పష్టంగా నమోదైంది. తెలుగు నాయకరాజులు ఏలి, ఆ తరువాత మరాఠా రాజులు కూడా తెలుగు సాహిత్యాన్ని పోషించిన ఆ కోటలో గొప్ప ఆయుధశాల ఉండేది. రాజవంశం 1855లో అంతరించాక కొన్నింటిని మద్రాసు మ్యూజియానికి ఎంచి, మిగిలినవాటిని విరిచి పాత ఇనుము ధరకు అమ్మేశారని ఎం.జె. వాల్‌హౌస్ 1878లో ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో రాశాడు. ఆ వ్యాసం చిన్నది. చదివాక మనసు కుదుటపడటానికి కొంత సేపు పడుతుంది. మద్రాసులో మిగిలినవైనా మనకు దక్షిణాది కత్తులను చూపించే కొద్ది కిటికీల్లో ఒకటి. తెలంగాణలోని నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని తెలుస్తున్న కాలంలోనే, ఆ ఉక్కుతో కత్తులు చేసిన దేశంలో కత్తులు తుక్కుగా తూకానికి పోయాయి.

రాతిలో ఉన్న కత్తి

పోయినది పోగా రాయి మిగిలింది. రోమన్ పరిశోధకులకు సైనికుల సమాధిరాళ్లు ఎంత ఉపకరించాయో పైన చూశాం. పేరు, దళం చెప్పే అక్షరాల పైన కత్తి, బాకు ధరించిన సైనికుడి బొమ్మ ఉంటుంది. రాయలసీమ వీరగల్లు సరిగ్గా అలాంటి వస్తువే. ఊరి పసువుల కోసమో, ఏలిక కోసమో పడిపోయిన వీరుడి పేరు అక్షరాల్లో ఉంటుంది, అతని కత్తి శిల్పంలో ఉంటుంది. అక్షరాల మీద మన శాసనవేత్తలు చేసిన కృషి అపారం. వీరుడి చేతిలోని వస్తువుకు ఆ శ్రద్ధలో చిన్న వాటా కూడా దక్కలేదు. ఆర్. చంద్రశేఖరరెడ్డి 1994లో ఆంధ్రదేశపు వీరపూజ, స్మారకశిలలపై వెలువరించిన ఆంగ్లగ్రంథం ఈ శిలలను ఒకచోట చేర్చింది. ఆయుధాల వర్గీకరణ దాని ఉద్దేశం కాకపోయినా, ఆ పని చేయదలచినవారికి అంతకంటే మంచి ప్రారంభం లేదు.

ఇలాంటి పని సాధ్యమేనని చూపించినవాడు సి. శివరామమూర్తి. 1942లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం ప్రచురించిన అమరావతి శిల్పాల గ్రంథంలో ఆయన ఆభరణాలను, వాయిద్యాలను, ఆయుధాలను శిల్పాల నుంచి విడదీసి రేఖాచిత్రాలుగా గీశాడు. శాతవాహనకాలపు కత్తి ఎలా ఉండేదని అడిగితే నిఘంటువు కంటే ఆ రేఖాచిత్రాల పుట ముందు తెరవాలి. అదే పద్ధతిలో శ్రీశైలం ప్రాకారపు గోడల మీది వేట, యుద్ధ దృశ్యాలను గీస్తే విజయనగరకాలానికి ఒక పుట తయారవుతుంది. ఆ ఆలయంలోనే 14వ శతాబ్దంలో అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపం ఉంది. భక్తులు తమ శిరస్సులను అర్పించుకున్న చోటు అది. ‘గండకత్తెర’ అనే మాటకు టీక రాసేవారు నిఘంటువుతో పాటు ఆ మండపాన్నీ చూసిరావాలి.

కొలిమి మాటలు

తరహాల పేర్లలో తడబడిన తెలుగు, భాగాల పేర్లలో ఏమాత్రం తడబడదు. అలుగు, వాదర, మొన, పిడి, ఒర అనే మాటలు ఇప్పటికీ అర్థమవుతాయి. పదును పెట్టడం, సాన పట్టడం రెండు వేర్వేరు పనులని కమ్మరికి తెలుసు. ఇంట్లో వాడేవారు రెంటినీ ఒకటిగా మాట్లాడతారు. మొదటిది కాల్చి నీటిలో ముంచి ఉక్కును గట్టిపరచడం. రెండోది వాదరను రాయి మీద అరగదీయడం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాల వరసలో 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చాయి. వస్తువును చూపించి, పేరడిగి, జిల్లాలవారీగా రాసుకునే పద్ధతి వాటిది. కత్తుల కోశానికి సరిపోయే పద్ధతి అదే.

‘వేటకొడవలి’ అనే మాటను చూడండి. జంతువును ఒక్క పెట్టున నరకడానికి చేసిన ఆ పనిముట్టు సినిమాల వల్ల రాయలసీమకు గుర్తుగా మారిపోయింది. కావ్యాల్లోని అడిదానికీ దీనికీ సంబంధం లేదు. అది సైనికుడి ఆయుధం, ఇది ఊరి పనిముట్టు. ఈ తేడా చెప్పే ఆకరం లేనంతకాలం, పాత చరిత్రను కూడా ఇవాళ్టి కొడవలితోనే ఊహించుకుంటాం.

కటారికి ఒక ఆరోపం

కత్తుల కోశంలో ‘కటారి’ అనే ఆరోపం ఎలా ఉండవచ్చో ఊహించి చూస్తే మిగిలిన పని ఎంతో తెలుస్తుంది. ముందు పదరూపాలు: కటారి, కఠారి. ఆ తరువాత ప్రయోగాలు, కాలక్రమంలో: సాళువ బిరుదు, దానికి ముందూ వెనుకా ఉన్న కావ్యప్రయోగాలు, ప్రతిదానికీ తేదీ. తరువాత శిల్పంలో కనిపించే ఆకారాలు, ఒక్కొక్కటి ఏ ఆలయంలో ఏ గోడ మీద ఉందో. తంజావూరు నుంచి మద్రాసుకు చేరిన కటారుల కొలతలు, సాలార్‌జంగ్ మ్యూజియం జాబితాలోని కటారుల కొలతలు. జమ్‌ధర్ వివాదం, ఎగర్టన్, పంత్ ఇద్దరి పక్షాలూ, కొన్ని వాక్యాల్లో. ‘జమదాడి’కి వేరే ఆరోపం, అక్కడి నుంచి ఇక్కడికి సూచన. ‘ఆయుధవిశేషము’ అనే మాట ఎక్కడా ఉండకూడదు.

చివర బొమ్మ ఉండాలి, బొమ్మలో భాగాలకు పేర్లుండాలి. అలుగుకు, మొనకు తెలుగు పేర్లున్నాయి. పిడికిలి పట్టే అడ్డకమ్మికీ, మణికట్టుకు రెండువైపులా సాగే నిలువు కమ్ములకూ మ్యూజియం జాబితాలు ఇంగ్లీషు పేర్లు వాడతాయి. వాటికి తెలుగులో ఏమనాలో కొలిమి దగ్గరికి వెళ్లి, వస్తువు చూపించి అడగాలి.